శ్రీనగర్ హెలిప్యాడ్ డ్యూటీకి వెళ్తున్న మా అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

శ్రీనగర్‌లోని ఆర్మీ ఆసుపత్రి, 92 బేస్ హాస్పిటల్‌కి పోస్టింగ్ వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. శ్రీనగర్ అనగానే ఆవిడకి టెన్షన్, నీకేమో హెలికాప్టర్ల దగ్గర పని అని సంబరం. లక్నో ట్రైనింగ్‌లో చెప్పినవన్నీ మళ్ళీ చెప్పను గానీ ఒక్కటి గుర్తుపెట్టుకో, హెలిప్యాడ్ మీద నోరూ చెవులూ పనిచేయవు. రోటర్ తిరుగుతున్నంతసేపూ నువ్వు అరిచినా పక్కవాడికి వినపడదు, స్టెతస్కోప్‌లో నీకేమీ వినపడదు. అందుకే మాటలన్నీ హెలికాప్టర్ రాకముందే అయిపోవాలి.

క్యాజెవాక్ మెసేజ్, అంటే గాయపడినవాళ్ళని తెస్తున్నామన్న కబురు రాగానే ఎంతమంది, అందులో పడుకోబెట్టి తెచ్చేవాళ్ళు (లైయింగ్) ఎందరు, కూర్చోగలిగేవాళ్ళు (సిట్టింగ్) ఎందరు, ఏ హెలికాప్టర్ అన్నవి అడుగు. చీతా అయితే చిన్నది, తోక రోటర్ కిందికే ఉంటుంది, తిరిగేటప్పుడు కంటికి కనపడదు, వెనక్కి వెళ్ళే ఆలోచనే పెట్టుకోకు. ధ్రువ్ హెలికాప్టర్‌తోనే చిక్కంతా. దానికి వెనక రెండు రెక్కల తలుపులుంటాయి, నాలుగు స్ట్రెచర్లు పడతాయి, అంటే 'వెనక్కి పోవద్దు' అని నేర్చుకున్నవాడు వెనక నుంచే స్ట్రెచర్ దించాలి! అక్కడ నీ తెలివి వాడకు, ముందు పైలట్‌కి కనపడేలా నిలబడి, అతను బొటనవేలు చూపించాక, క్రూ ఎటు చూపిస్తే అటే పక్క నుంచి వెళ్ళు. పెద్ద హెలికాప్టర్ ఎంఐ-17 వస్తే పన్నెండు స్ట్రెచర్ల దాకా ఉండొచ్చు కాబట్టి మనుషులు చాలరు, వార్డుల నుంచి ముందే పిలిపించుకో.

ఎవరు తల వైపు, ఎవరు కాళ్ళ వైపు, సెలైన్ ఎవరి చేతిలో అన్నది నేల మీదే తేల్చుకోండి. సెలైన్ బ్యాగ్‌ని తలపైకి ఎత్తి పట్టుకునే అలవాటు వార్డులో వదిలేసి రా, పేషెంట్ పక్కనే పెట్టి చేత్తో నొక్కితే చాలు. టోపీ, దుప్పటి అంచు, కట్టు కట్టే గాజ్ గుడ్డ ముక్క, ప్లాస్టిక్ కవర్ ఏదైనా సరే ఆ గాలికి లేచి ఇంజన్లోకి పోతుంది. పరుగు మాత్రం వద్దు. మంచు పడ్డ రోజుల్లో పరుగెత్తేవాడే స్ట్రెచర్ వదిలేస్తాడు. ప్యాడ్ మీద కొత్త మంచు ముందే ఎత్తించకపోతే దిగేటప్పుడు అంతా తెల్లగా లేచి పైలట్‌కి నేల కనపడదు. రాత్రి అయితే టార్చ్ పైకి వెయ్యకండి.

ఇక వెంట వచ్చినవాడు చెప్పేది నీకు వినపడదు కాబట్టి ముందు కార్డు చూడు. టూర్నికే (రక్తం ఆగడానికి బిగించే పట్టీ) ఎప్పుడు కట్టారు, నొప్పికి మార్ఫిన్ ఎప్పుడు ఇచ్చారు, ఈ రెండు టైములూ లేకపోతే, రోటర్ శబ్దం నుంచి దూరంగా వచ్చాక వాణ్ణి ఆపి అడిగి రాసుకో, తర్వాత వాడు అదే హెలికాప్టర్లో వెళ్ళిపోతాడు. ఊపిరి ఛాతీ చూసి తెలుసుకోవాలి, నాడి వేళ్ళతో పట్టుకోవాలి. పేషెంట్ ఒంటి మీది పౌచ్‌లు తడిమి చూడు, గ్రెనేడో తూటాల మ్యాగజైనో ఉంటే లోపలికి తేకుండా అక్కడే బాధ్యత ఉన్నవాళ్ళకి అప్పగించు. స్పృహ ఉన్నవాడికి మొహం కనపడేలా వంగి భుజం మీద చెయ్యి వెయ్యి. తెలుగు కుర్రాడైతే లోపలికి వెళ్ళాక 'ఏం కాదురా తమ్ముడూ' అను, అప్పటిదాకా హిందీలో బిగబట్టుకుని ఉంటాడు పాపం.

చాలామంది వదిలేసేది ఇంకోటుంది. ఎత్తైన కొండల మీది పోస్టుల్లో శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసి, దాని చుట్టూ ఉండే చిన్న బుడగ, కఫ్‌లో గాలి నింపి పంపుతారు, కిందికి దిగేసరికి గాలి కుంచించుకుపోయి అది వదులవుతుంది, శ్వాస పక్క నుంచి లీకవుతుంది. నువ్వు పేషెంట్‌ని ఉధంపూర్ ఆసుపత్రికి పంపేటప్పుడు బనిహాల్ కనుమ మీదుగా తొమ్మిది వేల అడుగులు దాటతారు, అప్పుడు దీనికి రివర్స్, కఫ్ ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. వచ్చినప్పుడూ పంపేటప్పుడూ కఫ్ చెక్ చేయించు. ఛాతీలో గాలి చేరినవాడిని ఆ గాలి బయటికి పోయే గొట్టం (డ్రెయిన్) వెయ్యకుండా ఎక్కించడానికి ఎవరైనా తొందరపెడితే డాక్టర్ గారికి గట్టిగా గుర్తుచెయ్యి, ర్యాంక్ చూసి మొహమాటపడకు.

అక్కడ ఎక్కువగా ఏ హెలికాప్టర్లు వస్తున్నాయో చూసి రాయి. స్ట్రెచర్ లాక్‌లు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, వాటి సంగతి అప్పుడు రాస్తాను.

మీ మామయ్య