పదేళ్ళ పిల్లాడికి ముందు ఏది చూపించాలి? నా వీరతాళ్ళ నోటుబుక్కు చూసి చెబుతున్నా

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. ఇంగ్లీషు సూపర్ హీరో సినిమాలు తప్ప ఇంకేం చూడడు. తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ చూపిద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పాత గ్రాఫిక్స్ చూసి నవ్వుతాడేమోనని భయం.

నవ్వుతాడండీ. నవ్వనివ్వండి. మా అమ్మాయి కూడా నవ్వింది.

2025 ఏప్రిల్‌లో ఆదిత్య 369ని 4కె చేసి మళ్ళీ విడుదల చేశారు కదా, అప్పుడు పదకొండేళ్ళ మా అమ్మాయిని తీసుకెళ్ళాను. తెర మీద టైమ్ మెషిన్ కనపడగానే నా చెవిలో, "నాన్నా, ఇది మన వాషింగ్ మెషిన్ లాగుంది" అంది. ముందు సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంది, ఎందుకంటే ఆ మెషిన్‌తో నాకు పాత బాకీ ఒకటుంది.

1991లో నాకూ పదేళ్ళే. ఊరు రేపల్లె. బెంచీ టికెట్ మీద ఈ సినిమా చూసొచ్చిన సాయంత్రం ఇంట్లో బియ్యం డ్రమ్ము మూత తీసి లోపలికి దిగాను. సగం డ్రమ్మే బియ్యం, మిగతా సగం నేను. పురుగు పట్టకుండా మా అమ్మ వేసిన వేపాకు కాళ్ళకి గుచ్చుకుంటోంది. తమ్ముడు మూత పెట్టి, దాన్ని స్టీరింగులా తిప్పుతూ "ఏ సంవత్సరానికి అన్నయ్యా?" అని అరిచాడు. చీకట్లో ఎంత ఆలోచించినా నాకు ఏ సంవత్సరమూ తట్టలేదు. చివరికి "వచ్చే ఆదివారానికి పోనీరా" అన్నాను. వచ్చింది ఆదివారం కాదు, అమ్మ. ఆ తర్వాత జరిగినదానికి గ్రాఫిక్స్ అక్కర్లేదు.

ఆ వారంలోనే ఒక పొడుగు నోటుబుక్కు కొనిపించుకుని, చూసిన ప్రతి మాయల సినిమాకీ రివ్యూ రాయడం మొదలుపెట్టాను. స్టార్లు, మార్కులు ఉండవు. మాయాబజార్లో ఘటోత్కచుడి దగ్గర నేర్చుకున్న వీరతాళ్ళే, గరిష్ఠం అయిదు. మొదటి పేజీలో ఇలా ఉంది: "ఆదిత్య 369. నాలుగు వీరతాళ్ళు. ఒకటి కోశాను. భవిష్యత్తులో కొంచెంసేపే ఉన్నారు." ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ చూసినా ఆ తీర్పు మార్చబుద్ధి కాలేదు. 2504వ సంవత్సరం భాగం నిజంగానే హడావుడిగా అయిపోతుంది. మూడో ప్రపంచయుద్ధంలో అణుబాంబులు పడి, మనుషులు భూమి కింద బతుకుతున్నారని చూపించారు కదా, అంత పెద్ద ఊహని ఇంకాసేపు నమలనివ్వాల్సింది.

అయినా మీవాడికి ముందు చూపించాల్సింది ఇదే అంటాను. సింగీతం శ్రీనివాసరావు గారు కాలేజీ రోజుల్లో హెచ్.జి. వెల్స్ టైమ్ మెషిన్ నవల చదివి, ఆ ఊహని మనసులో పెట్టుకుని తీసిన సినిమా ఇది. ఊహ అక్కడిదే, బండిని మాత్రం తోలింది మన రోడ్డు మీద. గతంలోకి అనగానే డైనోసార్ల దగ్గరికి పోకుండా 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకి పోయారు. తెనాలి రామకృష్ణుడి కథలు విన్న పిల్లాడికి అక్కడ ఎవరు ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. బాలకృష్ణే హీరో, బాలకృష్ణే రాయలు. ఇప్పటి కుర్రాడు వెళ్ళి తన మొహమే ఉన్న చక్రవర్తి ముందు నిలబడతాడు. మాటలు జంధ్యాల గారివి కాబట్టి కొలువు భాషకీ మన వాడుక మాటకీ మధ్య తగిలే గిల్లికజ్జాలే సగం వినోదం. ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు, పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్. రాయల కాలానికీ మన కాలానికీ వెలుగులో తేడా చూడమని మీవాడికి చెప్పండి. చెప్పకపోయినా పర్లేదు.

అసలు సంగతి విరామం తర్వాత జరిగింది. హీరో హీరోయిన్లు ఎలాగో మెషిన్ ఎక్కుతారు, ఇంటికి రావాలి. మెషిన్ మాట వినక 2504లో దింపుతుంది. అప్పటిదాకా పాప్‌కార్న్ నములుతున్న మా అమ్మాయి నమలడం ఆపేసి, "వాళ్ళిద్దరూ వెనక్కి రాకపోతే ఇంట్లోవాళ్ళకి ఎవరు చెప్తారు?" అని అడిగింది. ఇక వాషింగ్ మెషిన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇన్నేళ్ళ నోటుబుక్కులో నాకు దొరికింది ఇంతే. పిల్లలు నవ్వేది గ్రాఫిక్స్ పాతబడినందుకు కాదు. ఏదైనా జరిగిపోయే మాయని చూసి నవ్వుతారు. మాయకి ఒక షరతు ఉంటే గోళీలాటలో రూలు పట్టుకున్నట్టు ఠక్కున పట్టుకుంటారు, ఆ షరతు హీరోకి అడ్డం తగిలేదాకా కళ్ళార్పరు. నేను ఎక్కువ వీరతాళ్ళు వేసినవన్నీ అలాంటివే.

జగదేకవీరుడు అతిలోకసుందరి సంగతి చూడండి. ఉంగరం పోయింది, అది లేకుండా దేవకన్య ఇంద్రజ స్వర్గానికి వెళ్ళలేదు. ఇంత చిన్న షరతు, మొత్తం సినిమా దాని మీదే నడుస్తుంది. 1990 మే 9న అది విడుదలైనప్పుడు మా వైపు తుఫాను. రేపల్లెలో కరెంటు స్తంభాలు పడిపోయి, లాంతరు వెలుగులో అన్నాలు తింటున్నాం. నేను చూసేసరికి చాలా ఆలస్యమైంది, ఈలోగా చూసొచ్చిన క్లాసువాళ్ళు కథంతా చెప్పేశారు. అయినా ఉంగరం చెయ్యి మారినప్పుడల్లా నా చెయ్యి నా వేలి మీదే ఉంది. (పక్కమాట: అందులో మాంత్రికుడు అమ్రీష్ పురి, మరుసటేడు ఆదిత్య 369లో దొంగ పెద్దమనిషీ ఆయనే. రెండింటికీ సంగీతం ఇళయరాజా. మీవాడు "ఈ మొహాన్ని ఎక్కడో చూశానే" అంటే అప్పుడు చెప్పండి, భలే సంబరపడతారు.)

మాయాబజార్‌ని రెండోదిగానో మూడోదిగానో పెట్టండి, మొదటిది చెయ్యకండి. ఈ మాట అన్నందుకు నన్ను కొట్టడానికి చాలామంది వస్తారని తెలుసు. 1957 నాటి సినిమా, నడక నిదానం, పద్యాలున్నాయి. ఫోన్‌లో రీల్స్ చూసే కాలపు పిల్లాణ్ణి ఒక్కసారిగా అందులోకి తోస్తే మునుగుతాడు. కాస్త అలవాటు పడ్డాక చూపిస్తే మాత్రం దానికి తిరుగులేదు. మా అమ్మాయికి "వివాహ భోజనంబు" కంటే ఎక్కువ నచ్చింది సత్యపీఠం. దాని మీద ఎక్కినవాడు మనసులో ఉన్నది దాచుకోలేక కక్కేస్తాడు. శకుని ఎక్కగానే పగలబడి నవ్వి, ఆ రాత్రి మా హాల్లో ఉన్న ముక్కాలి పీటకి సత్యపీఠం అని పేరు పెట్టింది. నన్ను ఎక్కించి, "పోయిన వారం ఫ్రిజ్‌లో చాక్లెట్ ఎవరు తిన్నారు?" అని అడిగింది. పీట పనిచేసింది.

ప్రియదర్శిని పెట్టెని అందరూ వీడియో కాల్‌తో పోలుస్తారు, నాకు ఆ పోలిక నచ్చదు. తెరిచినవాళ్ళకి ఎవరు ప్రియమో వాళ్ళే కనపడతారు, అదీ అందులో మెలిక. బలరాముడు చూస్తే దుర్యోధనుడు కనపడటంతో కథలో ఎవరు ఎటువైపో మాట లేకుండా తేలిపోతుంది. ఫోన్‌కి అంత నిజాయితీ లేదు. అన్నట్టు 2010లో వచ్చిన రంగుల ప్రతి కూడా ఉంది. నా ఓటు నలుపుతెలుపుకే, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలకి రంగు పుయ్యడం నాకు ఇష్టం లేదు. మా అమ్మాయి ఓటు రంగులకి. ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇక కొత్తవి. ఈగ (2012) మీవాడు ఈపాటికి చూసే ఉంటాడు, చూడకపోతే ఈ ఆదివారమే చూపించండి. షరతుల పరంగా తెలుగులో దానంత గట్టిది నాకు కనపడలేదు. హీరోకి మాట లేదు, బలం లేదు, చప్పట్లు కొడితే చచ్చిపోతాడు. తను ప్రేమించిన అమ్మాయి కన్నీటి చుక్కతో రాసి తానెవరో చెప్పుకోవాలి. అయిదుకి అయిదు వేశాను, నోటుబుక్కు మొత్తంలో అలాంటివి మూడే. మిగతా రెండూ మాయాబజార్, పాతాళభైరవి.

2024 సంక్రాంతికి వచ్చిన హనుమాన్ మీవాడికి సులువుగా ఎక్కుతుంది, వాడికి అలవాటైన సూపర్ హీరో పద్ధతే కదా. కానీ నాకు నచ్చింది విలన్. చిన్నప్పుడే కామిక్స్ పిచ్చి పట్టి, సూపర్ హీరోలందరికీ తల్లిదండ్రులు ఉండరని లెక్కగట్టి సొంత అమ్మానాన్నల్నే లేకుండా చేస్తాడు. అభిమాని అనేవాడు ముదిరితే ఎలా ఉంటాడో చూపించి నాలాంటివాళ్ళని భుజాలు తడుముకునేలా చేశారు. హీరోకి శక్తినిచ్చే మణికి సూర్యరశ్మి కావాలి అన్న షరతు బాగుంది, దాన్ని ఇంకా వాడుకోవాల్సింది. మూడున్నర వీరతాళ్ళు. సగం తాడు ఎలా వేస్తారని మా తమ్ముడు ఇప్పటికీ వెక్కిరిస్తాడు.

కల్కి 2898 ఎ.డి. దగ్గర మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. లెక్క మాత్రం ముచ్చటేసింది: కృష్ణుడి అవతారం ముగిసిందని చెప్పుకునే క్రీ.పూ. 3102 నుంచి 2898 దాకా దాదాపు 6000 ఏళ్ళు. ఎండిన కాశీ, పైన వేలాడే కాంప్లెక్స్ అనే కట్టడం, అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడటం, ఇవి తెర మీద చూసినందుకు టికెట్ డబ్బులు గిట్టాయి. కానీ మొదటి సగంలో హీరో సరదాల కోసం కథ పక్కకెళ్ళి టీ తాగొచ్చింది. ఎవరి శక్తి ఎక్కడ ఆగుతుందో తెలియదు, తెలియకపోతే ఎవరు ఎవర్ని కొట్టినా దెబ్బ తగలదు. నేను మూడు వేశాను. అందులో బుజ్జి అనే కారుకి మా అమ్మాయి విడిగా రెండు వేయించింది, అది రూల్సుకి విరుద్ధం అన్నా వినలేదు.

ఒకే ఒక జీవితం (2022) మాత్రం పన్నెండు పదమూడేళ్ళు వచ్చేదాకా ఆపండి. 1998కి వెళ్ళి అమ్మని కాపాడుకోవాలనుకునే కొడుకు కథ. వీళ్ళు అక్కడ ఉండగానే చిన్నప్పటి వీళ్ళు ఇక్కడికి వచ్చేస్తారు, మెలిక అదీ. చాలా బాగుంటుంది. కానీ నేను ఒక్కణ్ణే చూసి, ఆ రాత్రి పదకొండింటికి రేపల్లెకి ఫోన్ చేసి, "ఏం లేదమ్మా, ఊరికే" అన్నాను. పదేళ్ళవాడికి అది అందదు, అందకపోవడమే మంచిది.

చదివించే ఓపిక ఉంటే పాత చందమామ ధారావాహికలు వెతకండి. దాసరి సుబ్రహ్మణ్యం గారివి, శిథిలాలయం, రాకాసిలోయ, యక్షపర్వతం. అచ్చులో ఆయన పేరు ఉండేది కాదు, మాకు చిత్ర గారి బొమ్మలే గుర్తు. మా మావయ్య బైండు చేయించిన సంపుటాల్లో సీరియల్ పేజీలు మాత్రం వేలిముద్రలతో నల్లబడి ఉండేవి. రాత్రికి ఒక భాగం పైకి చదివి, సరిగ్గా రాక్షసుడు గుహలోంచి తల పెట్టేచోట ఆపెయ్యండి. "తర్వాత?" అని అడుగుతాడు. "రేపు" అనండి.

ఇంకోమాట, ఆదిత్య 369లో రాజనర్తకి సన్నివేశాలు కొన్ని పిల్లల పక్కన కూర్చుంటే మనకే ఇబ్బందిగా ఉంటాయి. ఆ టైముకి మంచినీళ్ళు తెచ్చుకునే పని పెట్టుకోండి, నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. చూశాక మీవాడు ఇంట్లో ఏ డబ్బాలోనైనా దిగితే తిట్టకండి, ముందు బియ్యం మాత్రం వేరే దాంట్లో పోసి పెట్టుకోండి.