పాఠకుల ప్రశ్నలు: ఊరి పంట, ఊరి పాడి విలువ కట్టేదెలా?

ప్రశ్న: మా ఊళ్లో పాల సేకరణ కేంద్రం పెట్టాలని గ్రామసభలో అడగబోతున్నాం. పంటలు, పశువుల మీద ఊరికి ఏడాదికి ఎంత వస్తోందో లెక్క తెమ్మన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మార్కెట్ చిట్టీలు కూడితే ఊరి విలువ తేలదండి. ఎనుమాముల యార్డుకు పోయిన మిర్చి, పత్తి వాటిలో ఉంటాయి. ఇంట్లో తిన్న బియ్యం, పిల్లలు తాగిన పాలు, బర్రెకు వేసిన గడ్డి, చేనుకు తోలిన పెంట ఉండవు. ప్రభుత్వ లెక్కల్లో ఇవన్నీ ఉత్పత్తే. మీరూ వదలొద్దు.

పంటల విస్తీర్ణం ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నమోదులో దొరుకుతుంది. వానాకాలం, యాసంగి విడివిడిగా రాసుకోండి. దిగుబడి మాత్రం నోటిమాట మీద రాయొద్దు, ఒకరి బస్తా ఇంకొకరి బస్తాతో సమానం కాదు. వరి మళ్లను చీటీలు వేసి ఎంచుకోండి, బాగా పండిన మడినే కోస్తే ఊరి లెక్కంతా ఉబ్బిపోతుంది. గట్టుకు దూరంగా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, నాలుగు మూలలా కట్టెలు పాతి తాడు కట్టండి. మొదళ్లు తాడు లోపల ఉన్న దుబ్బులనే కోయాలి. వాటి వెన్నులు బయటికి వాలినా మీవే, బయటివి లోపలికి వాలితే మీవి కావు. కొట్టి, తూర్పారబట్టి తూచండి. ఎకరాలో ఇలాంటి గళ్లు సుమారు 162 పడతాయి. 14 కిలోలు వస్తే 162తో గుణించండి, ఎకరాకు సుమారు 22.7 క్వింటాళ్లు. ఇవి పచ్చి వడ్లు. తేమ 22 శాతం ఉంటే, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి ఆరేసరికి 21.3 క్వింటాళ్లే మిగులుతాయి.

గడ్డిలో అమ్మిన కట్టలు, పశువులకు దాచిన వాము మాత్రమే లెక్క. కాల్చిన గడ్డి విలువ సున్నా. హార్వెస్టర్ కోతల తర్వాత గడ్డికి నిప్పు పెట్టి, ఎండాకాలంలో మేత కొనుక్కోవడం ఊరు చేతులారా చేసుకుంటున్న నష్టం.

ఇక పాలు. "మా బర్రె పూటకు నాలుగు లీటర్లిస్తది" అన్నది ఈనిన కొత్తలో మాట, దాన్ని 365 రోజులకు పట్టించొద్దు. వానాకాలం, చలికాలం, ఎండాకాలం ఒక్కో రోజు రెండు పూటలా ఇంటింటా కొలవండి. వట్టిపోయినవాటిని కలపొద్దు. వానాకాలం అంటే జులై నుంచి అక్టోబర్ దాకా 123 రోజులు. పాలిచ్చే బర్రెలు 40, సగటున రోజుకు 4 లీటర్లు అయితే 19,680 లీటర్లు. ఇంటి వాడకం పోను మిగిలేదెంతో పక్కనే రాయండి. కేంద్రం నడవాలంటే ఎండాకాలంలో మిగిలే పాలే ముఖ్యం.

ఆఖర్న విత్తనం, ఎరువులు, మందులు, డీజిల్, తవుడు, పత్తి చెక్క ఖర్చులు తీసేయండి. బర్రెలు తిన్న గడ్డినీ పాల ఖర్చులో తీసేయాలి, లేకపోతే పంటలో ఒకసారి, పాలలో ఒకసారి లెక్కకొస్తుంది. కూలి మాత్రం తీసేయొద్దు. నాట్లు వేసిన, మిర్చి ఏరిన మనుషుల ఆదాయం అది. బయటి ఊళ్ల కూలీలకు ఇచ్చింది వేరే గడిలో చూపండి.

ప్రశ్న: పత్తికి ఏ ధర వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: చేతికి నిజంగా వచ్చిన ధర, అందులోంచి బండి కిరాయి, హమాలీ తీసేసి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, 12 శాతం దగ్గర 7,785 రూపాయల 60 పైసలే. 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదు. మంచు ఆరకముందే ఏరిన పత్తిని నేరుగా బోరాల్లో తొక్కితే ఈ నష్టం తప్పదు.

ప్రశ్న: మందలో చచ్చిన గొర్రెలను లెక్కలోంచి తీసేయాలా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: వేరుగా తీయొద్దు. ఏడాది మొదట్లో 60 జీవాలు, చివర 66 ఉన్నాయనుకోండి. అమ్మినవి 25, ఇంట్లో కోసుకున్నవి 2, కొన్నది 1. అమ్మినవి, కోసినవి, పెరిగిన 6 కలిపి, కొన్నది తీసేస్తే 32. చావులు చివరి లెక్కలో ముందే తగ్గిపోయాయి, మళ్లీ తీస్తే రెండుసార్లు పోయినట్టు. పిల్లకూ తల్లి గొర్రెకూ ఒకే ధర కట్టొద్దు. చావులు మాత్రం కారణంతో సహా రాసిపెట్టండి. తొలకరి లేతగడ్డి తిన్నాక హఠాత్తుగా పోతుంటే చిటుక వ్యాధిని అనుమానించాలి, దానికి టీకా వానలకు ముందే వేయించాలి.