2,600 మందిని వందతో గుణించే ముందు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు లారీల ఎలక్ట్రికల్ పనుల షాపు ఉంది. స్పేర్ పార్టులు కూడా అమ్ముతాను, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. లేబర్ లెక్కన గంటకు 400 రూపాయల దాకా వస్తుంది. 2020లో బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లు వచ్చినప్పుడు వైరింగు, సెన్సార్ల సమస్యలు ఒకరికొకరం చెప్పుకోవడానికి టెలిగ్రామ్‌లో మెకానిక్‌ల గ్రూపు పెట్టాను. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల నుంచి 2,600 మంది ఉన్నారు. ప్రశ్నలు అడిగేవాళ్లు 300 మంది, జవాబులు చెప్పేవాళ్లు 40 మంది దాకా ఉంటారు. రోజుకు రెండు గంటలు నాకు దీనికే పోతున్నాయి. ఇకమీదట నెలకు 100 రూపాయలు కట్టినవాళ్లనే ఉంచుదామని ఆలోచన. అందుకోసం యాప్ తయారుచేయడానికి 3 లక్షలు అడుగుతున్నారు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఇంజనీరింగ్ కోసం దాచిన డబ్బులోంచి పెట్టవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. పెట్టవద్దు. కొన్ని నెలల్లో కాలేజీలో కట్టాల్సిన డబ్బు అది. ఫలానా తేదీకి కావాలని ముందే తెలిసిన డబ్బును ఏ వ్యాపారంలోనూ పెట్టకూడదు, అది ఎంత మంచి వ్యాపారమైనా సరే. ఇంటికి దగ్గరలోని బ్యాంకులో అడ్మిషన్ల నాటికి చేతికొచ్చేలా ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి మరిచిపోండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్‌కు బీమా కూడా ఉంటుంది.

ఇక గ్రూపు సంగతి. 2,600ను వందతో గుణిస్తే నెలకు 2,60,000 వస్తుంది. ఈ లెక్క మీ మనసులో ఒక్కసారైనా మెదిలి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ 2,600 మందిలో చాలామంది ఎప్పుడో చేరి మరిచిపోయినవాళ్లు. నిజంగా అవసరం ఉన్నవాళ్లు ప్రశ్నలు అడిగే 300 మంది. వాళ్లలో సగం మంది కట్టారనుకుందాం. సగం అన్నది నా అంచనాలో ఎక్కువే. 150 మంది, నెలకు 15,000 రూపాయలు.

మీకు ఇప్పటికే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి, సేవలు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల రాబడి వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మినహాయింపు మీకు వర్తించదు. ఒకే పాన్ మీద షాపు అమ్మకాలూ ఈ చందాలూ కలిపే చూస్తారు. మామూలు జీఎస్టీ పద్ధతిలో ఉంటే మొదటి రూపాయి నుంచే 18 శాతం పన్ను కట్టాలి. సభ్యుడి దగ్గర తీసుకునే 100 రూపాయల్లోనే పన్ను కలిపి ఉంటే మీకు దక్కేది 84 రూపాయల 75 పైసలు. 150 మందికి 12,700 చిల్లర. ఎవరు కట్టారు, ఎవరి గడువు తీరింది, ఎవరిని తీసేయాలి అని చూసుకోవడానికి పూట పనికి ఒక కుర్రాడిని పెట్టుకుని 6,000 ఇచ్చినా, మిగిలేది 6,700. దీనికి మీరు పెట్టే సమయం నెలకు 60 గంటలు. గంటకు 112 రూపాయలు. షాపులో మీ గంట 400. ఇందులో యాప్ ఖర్చు ఒక్క రూపాయి కూడా కలపలేదు.

ఇంకో విషయం వెంటనే మీ ఆడిటర్‌ను అడగండి. మీ షాపు కాంపోజిషన్ పథకంలో, అంటే చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ ఏర్పాటులో, ఉందేమో చూడండి. ఆ పథకంలో ఉన్నవాళ్లు ఇతర రాష్ట్రాలవారికి సేవలు అమ్మకూడదు. ఖమ్మంలో ఉన్న సభ్యుడి దగ్గర వంద రూపాయలు తీసుకున్నందుకు షాపు మొత్తం చిక్కుల్లో పడవచ్చు.

డబ్బు లెక్క కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీరు అర వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ 40 మంది. మీ గ్రూపు విలువంతా వాళ్లే. రాత్రి పదకొండింటికి హైవే మీద ఆగిపోయిన బండి ఫొటో ఎవరో పెడితే, సూర్యాపేటలోనో ఒంగోలులోనో ఉన్న ఒకాయన నిద్ర ఆపుకుని ఏ కనెక్టర్ విప్పి చూడాలో చెబుతాడు. అతనికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు. నిన్న తనకు ఇంకెవరో చెప్పారు కాబట్టి ఇవాళ తను చెబుతున్నాడు. అది రచ్చబండ. రచ్చబండ ఎక్కడానికి మీరు టికెట్ పెట్టిన రోజు, అతనికి ఇంతవరకు రాని ఆలోచన వస్తుంది: నా జవాబుకు వేరొకరు డబ్బు తీసుకుంటున్నారే అని. అతను గొడవ పెట్టుకోడు, మీకు ఫోన్ కూడా చేయడు. జవాబులు చెప్పడం మానేస్తాడు, అంతే. అలాంటివాళ్లు పదిమంది మౌనంగా ఉండిపోతే, వంద కట్టినవాళ్లకు మీరు ఇవ్వడానికి ఏమీ మిగలదు.

వంద కట్టలేక వెళ్లిపోయేది ఎవరో కూడా ఆలోచించండి. ఇంకా సొంత షాపు లేని హెల్పర్ కుర్రాళ్లు. ఇవాళ ప్రశ్న మాత్రమే అడిగే ఆ కుర్రాడు నాలుగేళ్ల తర్వాత మీ 41వ జవాబుదారుడు. అలాంటివాళ్ల దారి మూసేయవద్దని మిమ్మల్ని నిజంగానే వేడుకుంటున్నాను.

అలాగని మీ శ్రమ ఊరికే పోవాలని నేను అనడం లేదు. ఇన్నేళ్లుగా రోజుకు రెండు గంటలు ఇచ్చిన మనిషి అలసిపోవడం న్యాయం, దానికి ప్రతిఫలం అడగడం అంతకన్నా న్యాయం. అమ్మాల్సింది పదిమందిదీ కాదు, అచ్చంగా మీదైనది. వారానికి ఒకరోజు సాయంత్రం గంటన్నర పాఠం చెప్పండి. మీ చేత్తో గీసి తెలుగులో వివరించిన వైరింగు బొమ్మలు ఇవ్వండి. చిక్కుముడి కేసులకు ఫోనులో మీ సమయం ఇవ్వండి. వీటికి రుసుము పెడితే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఉచిత గ్రూపు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, మీ పాఠానికి వచ్చేవాళ్లు అందులోంచే వస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ గ్రూపులో వాహన కంపెనీల సర్వీసు మాన్యువళ్ల పేజీలు తిరుగుతూ ఉండవచ్చు. వాటి కాపీరైటు ఆ కంపెనీలది. ఉచితంగా పంచుకోవడమే తప్పు, వాటికి డబ్బు వసూలు చేస్తే కంపెనీ నుంచి నోటీసు వచ్చే ప్రమాదం మరీ పెరుగుతుంది, అది వచ్చేది మీ పేరు మీదే. డబ్బు కట్టినవాళ్ల చోట అలాంటి ఒక్క పేజీ కూడా ఉండకూడదు.

మొదట మూడు నెలలకు 600 రూపాయలు చొప్పున ముప్పై మందికి మాత్రమే పెట్టి చూడండి. పన్ను అందులోనే కలిసి ఉంటుంది. మొత్తం 18,000 వస్తుంది, పన్ను పోను 15,254 మీది. నెలకు 5,000 పైచిలుకు, వారానికి గంటన్నర పాఠం, దాని తయారీకి ఇంకో గంటన్నర. నెలకు 13 గంటలు అనుకుంటే గంటకు 390 పడుతుంది, ఇంచుమించు మీ షాపు రేటే. దీనికి యాప్ అవసరం లేదు, యూపీఐ చాలు. ముప్పై మంది పేర్లు నోటు పుస్తకంలో పడతాయి. ఆ ముప్పై మంది కూడా రాకపోతే మీరు నష్టపోయేది ఏమీ లేదు, 3 లక్షలు మాత్రం మిగిలాయి.

ఏడాది రుసుము ఒకేసారి తీసుకోవాలని ఎవరైనా సలహా ఇస్తారు. ఇప్పుడే వద్దు. గుంటూరు బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారు నా దగ్గరకు వస్తుంటారు. జూన్‌లో ఏడాది ఫీజు మొత్తం తీసుకుని ఇంటి మరమ్మతుకు ఖర్చు పెట్టేశారు. డిసెంబరు నుంచి హాలు అద్దె చేతి డబ్బుతో కట్టుకుంటూ పాఠాలు చెప్పాల్సి వచ్చింది. ముందుగా తీసుకున్న రుసుము మీ ఆదాయం కాదు, ఇంకా చెప్పని పాఠాల బాకీ. అందుకే ఈ డబ్బుకు విడిగా ఒక ఖాతా తెరవండి. మూడు నెలల డబ్బు వస్తే నెలకు మూడో వంతే మీ వాడకానికి తీసుకోండి. పన్ను భాగం వచ్చిన రోజే పక్కన పెట్టండి. మధ్యలో ఆపాల్సి వస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇవ్వగలిగే స్థితిలో ఎప్పుడూ ఉండాలి. ఆటోనగర్‌లో మీ పేరుకు ఉన్న పరపతి ముందు 600 రూపాయలు చాలా చిన్న మొత్తం.

రోజుకు రెండు గంటల భారం మాత్రం డబ్బుతో తగ్గేది కాదు. ఆ 40 మందిలో నమ్మకమైన ఐదుగురికి గ్రూపు బాధ్యత పంచండి, వంతుల వారీగా రోజుకొకరు చూసుకుంటారు. వాళ్లకు మీ పాఠం ఉచితం చేయండి, వాళ్లలో ఎవరైనా ఒక వారం పాఠం చెబితే ఆ వారం డబ్బు వాళ్లకే ఇవ్వండి.

గ్రూపులో ఏదీ ప్రకటించకముందే, ఈ ఆదివారం షాపు మూశాక ఆ 40 మందిలో పదిమందికి మీరే ఫోన్ చేసి ఈ ఆలోచన చెప్పండి. వాళ్లు ఏమన్నారో, మీ షాపు ఏ పథకంలో ఉందో నాకు రాయండి. రుసుము 600 ఉండాలా, తగ్గించాలా అన్నది ఆ జవాబులు చూశాక లెక్క వేద్దాం.