రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఫోను

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్ళు. పుట్టిల్లు టెక్కలి, అత్తవారిది పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. ఇద్దరు పిల్లలు. ఏడాదిగా మనసు బాగుండడం లేదు. ఊరికే ఏడుపొస్తుంది, నిద్ర పట్టదు. మావారు మంచివారే. కానీ ఇది ఒరిస్సా, చెప్పుకుందామంటే మనవాళ్ళెవరూ లేరు. అత్తగారు ఇరుగుపొరుగుతో ఒడియాలో గంటలు గంటలు మాట్లాడతారు, నాతో ముభావంగా ఉంటారు. మనుషుల రోజువారీ భావాల మీద పరిశోధన చేసే సైకాలజిస్టుల గురించి చదివి, నేనూ రోజుకి నాలుగుసార్లు నా మనసుకి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటున్నాను. ఆ కాగితాలు పంపుతున్నాను. పొద్దున్న ఎప్పుడూ 3 ఎందుకుంటోంది? ఫోన్లో తొమ్మిది ప్రశ్నల పరీక్ష చేసుకుంటే 12 వచ్చింది. నాది డిప్రెషనా? లేక నాకు మనోనిబ్బరం తక్కువా? మనసు గట్టిపడాలంటే ఏం చెయ్యాలి?
– పేరు వద్దన్న సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ 12 సంగతి చూద్దాం. మీరు చేసుకున్నది డాక్టర్లు కూడా వాడే ప్రశ్నావళే. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. అంతేగాని ఆ అంకె చూసి మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోకూడదు. చచ్చిపోవాలనిపిస్తుందా అన్న తొమ్మిదో ప్రశ్నకి మీరు సున్నా వేశారు, అది చూసి నాకు ధైర్యం వచ్చింది. శ్రీకాకుళం వెళ్తారో బరంపురం వెళ్తారో మీ వీలు, ఈ నెలలోనే మానసిక వైద్యుడిని కలవండి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలు కూడా రాయమనండి. వెళ్ళేలోపు ఎప్పుడైనా మరీ భారంగా అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలిమానస్ అది. రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో పైపైన దాటేసింది మీ కాగితాల్లో ఉంది.

రోజువారీ భావాల పరిశోధన మీరు చదివారు కదా. 1970లలో చికాగోలో చిక్‌సెంట్‌మిహాయ్, లార్సన్ అనే పరిశోధకులు హైస్కూలు పిల్లలకి పేజర్లిచ్చారు. అది మోగినప్పుడల్లా పిల్లలు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో, ఎవరితో ఉన్నారో, మనసెలా ఉందో రాయాలి. మీరు మనసు ఎలా ఉందో మాత్రమే రాశారు. పక్కన ఎవరున్నారో రాయడానికి గడి పెట్టుకోలేదు. అయినా పెన్సిల్‌తో మార్జిన్లో చిన్నగా, బహుశా మీకు తెలియకుండానే, అది కూడా రాసేశారు.

పొద్దున్న 3. బడిలో 6, ఒక్కోరోజు 7. సాయంత్రం ఇంటికొచ్చాక 5, 6. పడుకోబోయే ముందు 2. దాదాపు ప్రతిరోజూ ఇదే వరస. 2 వేసిన ప్రతిచోటా మార్జిన్లో ‘అమ్మ ఫోను’ అని ఉంది. రెండు రాత్రులు మాత్రం 6 వేశారు, మర్నాడు పొద్దున్న కూడా 6. అక్కడ ‘అమ్మ సోంపేట పెళ్ళికి వెళ్ళింది, సిగ్నల్ లేదు’ అని రాసుకున్నారు.

ఇంతకంటే నేను చెప్పాల్సిందేముంది? మీ బాధ ఒరిస్సా కాదు, అత్తగారు కాదు. అమ్మతో ఫోను.

నాన్నగారు పోయాక అమ్మ అన్నయ్య దగ్గర ఉంటున్నారనీ, రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసి గంటసేపు వదిన మీద చెబుతారనీ ఇక్కడ అచ్చువేయని రెండో పేజీలో నాలుగు ముక్కల్లో రాసి దాటేశారు. వదిన మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిందట. పొద్దుటి కూరే రాత్రికీ వేసిందట. చివర్లో ‘నువ్వు తప్ప నాకెవరున్నారే’ అని ఏడుపట. మీరూ ఏడుస్తారు. ఫోన్ పెట్టేశాక అమ్మ తేలికపడి పడుకుంటారు, మీరు ఒంటిగంట దాకా దొర్లుతూ ఉంటారు. వదిన మీద కోపంతో మొన్న సంక్రాంతికి పుట్టింటికి కూడా వెళ్ళలేదు. వదిన వైపు మాట ఒక్కసారైనా విన్నారా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా కనిపించలేదు.

ఇద్దరు దగ్గరివాళ్ళు కూర్చుని ఒకే కష్టాన్ని మళ్ళీమళ్ళీ తవ్వుకుంటే ఏమవుతుందో అమాండా రోజ్ అనే అమెరికన్ పరిశోధకురాలు స్నేహితుల మీద పరిశీలించి 2002లో రాశారు. అలా మాట్లాడుకునే పిల్లల మధ్య స్నేహం చిక్కగా ఉంటుంది, దాంతోపాటే దిగులూ ఆందోళనా ఎక్కువగా ఉంటాయి. అందుకే దీన్ని గుర్తుపట్టడం కష్టం. అమ్మకి దగ్గరగా ఉన్నానన్న తృప్తి మీకు నిజంగానే కలుగుతోంది. మీ నిద్ర పోవడమూ నిజమే.

పొద్దున్నకి 3 ఎందుకుంటుందని మీరు అడిగారు. ఒక పూట మనసు బరువు తర్వాతి పూటకి ఎంత అంటుకుంటుందో పీటర్ కుప్పెన్స్ బృందం కొలిచి 2010లో ప్రచురించింది. డిప్రెషన్ ఉన్నవాళ్ళలోనూ, తమ మీద తమకి చిన్నచూపు ఉన్నవాళ్ళలోనూ అది త్వరగా వదలదట. మీకు రాత్రి 2 పొద్దుటికి 3గా మిగులుతోంది. కానీ బడికి వెళ్ళి పిల్లల మధ్య నిలబడగానే 6కి లేస్తున్నారు. అంటే మీ మనసుకి లేచే శక్తి ఉంది. మనోనిబ్బరం తక్కువా అని అడిగారే, ఆ ప్రశ్న ఇంక పక్కన పెట్టండి. రోజూ రాత్రి పడగొడుతుంటే రోజూ పొద్దున్న లేచి బడికి వెళ్తున్న మనిషికి ఇంకా గట్టిపడమని నేను సలహా ఇవ్వను.

నిబ్బరం అంటే ఏడవకపోవడమని మీరు అనుకుంటున్నట్టున్నారు. అమెరికా మీద 2001 సెప్టెంబరులో జరిగిన దాడుల తర్వాత బార్బరా ఫ్రెడ్రిక్సన్ బృందం తాము అంతకుముందే పరీక్షించిన కాలేజీ విద్యార్థుల్ని మళ్ళీ పలకరించింది. నిలదొక్కుకున్నవాళ్ళకీ దుఃఖం, భయం ఉన్నాయి. వాటి మధ్యనే తనవాళ్ళ మీద ప్రేమ, బతికున్నందుకు కృతజ్ఞత కూడా కలిగాయి. ఆ మంచి భావాలే వాళ్ళని డిప్రెషన్ నుంచి కాపాడాయని ఆ పరిశోధన తేల్చింది. మీ ఇంట్లో అలాంటివి లేవా? ఉన్నాయి, మీ కంట పడడం లేదు.

‘నేను ఫోన్లో ఉంటే అత్తగారు టీ గ్లాసు పక్కన పెట్టి, మూత పెట్టి, పలకరించకుండా వెళ్ళిపోతారు’ అని ఫిర్యాదుగా రాశారు. కోడలు తల్లితో మాట్లాడి ఏడుస్తుంటే ఏ అత్తగారైనా ఏం చేస్తుందమ్మా? ‘ఏమైంది’ అంటే పుట్టింటి విషయాల్లో తలదూర్చిందంటారు. ఆవిడ టీ చల్లారకుండా మూత పెట్టి, పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెడుతోంది. నాకైతే అది ముభావంలా కనిపించలేదు. ఆవిడ ఒడియాలో మాట్లాడడం కూడా తప్పు పట్టకండి. 1936లో ఒరిస్సాని వేరే రాష్ట్రం చేస్తూ గీత గీసి అటూ ఇటూ చేశారు గాని, పర్లాకిమిడిలో ఆ భాషా ఈ భాషా ఒకే వాకిట్లో ఉంటాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనకి పరాయి ఊరెలా అవుతుంది? పక్కింటావిడతో మీరూ నాలుగు ఒడియా మాటలు కలపండి.

అమ్మ విషయంలో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతాను, నొప్పి కలిగినా వినండి. తల్లి బాధ్యత కూతురిదీ. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మాత్రలకి డబ్బు పంపాలి, సెలవుల్లో తెచ్చి నెలరోజులు దగ్గర పెట్టుకోవాలి. వీటిలో ఏది తగ్గినా నేను మిమ్మల్నే తప్పు పడతాను. కానీ కోడలి మీద రోజువారీ అభియోగాలు వినడం ఆ బాధ్యతలో లేదు. ఏడాదిగా ‘నువ్వు తిన్నావా’ అని అమ్మ ఒక్కసారి అడగలేదని మీరే రాశారు. ఆవిడ చెడ్డది కాదు. భర్త పోయిన ఒంటరితనంలో ఉంది, చేతికందినవాళ్ళని పట్టుకుంది. అయినా కన్నతల్లి దగ్గర కూడా మనిషికి తన గౌరవం తనకుండాలి. పెళ్ళయి, పిల్లలున్న ముప్పై రెండేళ్ళ ఆడపిల్ల ‘ఇవాళ వద్దమ్మా’ అనలేకపోవడం భక్తి కాదు, భయం.

రాత్రి ఫోను ఆపండి. ఆవిడ చేసేదాకా ఆగకుండా పొద్దున్న బడి ఇంటర్వెల్లో మీరే చేయండి, పది నిమిషాలు. ‘రాత్రిపూట పిల్లల చదువులమ్మా, ఇక నుంచి నేనే చేస్తాను’ అని చెప్పండి. వదిన మాట వస్తే, ‘అది అన్నయ్యతో చెప్పమ్మా, నేను వచ్చినప్పుడు అందరం కూర్చుని మాట్లాడదాం’ అని వేరే మాటలోకి వెళ్ళండి. పెళ్ళికి వెళ్ళొచ్చారు కదా, సోంపేట కబుర్లు అడగండి. ఆవిడ అలుగుతారు, కొన్నాళ్ళు ఏడుస్తారు, కూతురు కూడా మారిపోయిందని చుట్టాలందరికీ చెబుతారు. చెప్పనివ్వండి. మీవారికి మాత్రం ఇదంతా ముందే చెప్పి ఉంచండి, ఆ రాత్రులు మీకు పక్కన మనిషి కావాలి.

మార్కులు మానకండి, ఈసారి ‘ఎవరితో’ అన్న గడి కూడా గీసుకోండి. డాక్టరు దగ్గరికి ఆ కాగితాలే తీసుకెళ్ళండి, మీరు నోటితో చెప్పేదానికంటే ఆయనకి అవే బాగా పనికొస్తాయి. మందులు రాస్తే వాడండి, ఆయన ఆపమనేదాకా ఆపకండి.

ఈ ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, మీ వదినకి ఫోన్ చేయండి. అమ్మ ప్రస్తావన తేకండి. ఆవిడెలా ఉందో అడగండి, చెప్పేది పూర్తిగా వినండి.