ఊబకాయం జీన్ ఉందని రిపోర్టు వస్తే రొమ్ము క్యాన్సర్ వస్తుందా?

మీకు 52 ఏళ్లు, నెలసరి ఆగి రెండేళ్లయింది, లాలాజలం పంపి చేయించుకున్న టెస్టులో "ఎఫ్‌టీఓ వేరియంట్, రెండు కాపీలు" అని (అంటే ఊబకాయం జీన్ అనే ఎఫ్‌టీఓలో ఒక మార్పు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి) వచ్చింది, అప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్ వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదని రాశారు. నేను డాక్టర్‌ని కాదు. మా అక్కకి 57వ ఏట ఈ జబ్బు వచ్చినప్పుడు ప్రతి అపాయింట్‌మెంట్‌కీ వెంట వెళ్లినదాన్ని. అలా తెలుసుకున్నదే చెబుతున్నాను.

ఎఫ్‌టీఓకీ లావుకీ సంబంధం ఉందని 2007లో బయటపడింది. యూరప్ వాళ్లలో చూస్తే, రెండు కాపీలు ఉన్నవాళ్లు ఒక్కటీ లేనివాళ్ల కంటే సగటున 3 కిలోలు ఎక్కువ ఉన్నారు. అంతే, 3 కిలోలు. ఈ జీన్‌లోని కొన్ని మార్పులకి ఒక రకం రొమ్ము క్యాన్సర్‌తో సంబంధం కనిపించిన మాట నిజమే కానీ, ఆ తేడా చాలా చిన్నది. పైగా లావయ్యే జీన్లు ఎక్కువున్న ఆడవాళ్లని పెద్ద ఎత్తున పరిశీలిస్తే, వాళ్లకి ముప్పు కాస్త తక్కువే కనిపించింది! చిన్నప్పటి నుంచీ ఉన్న ఒళ్లు వేరు, నడివయసు దాటాక వచ్చిన ఒళ్లు వేరు అన్నమాట.

ఆ రెండోదాని గురించే మా అక్క డాక్టరుగారు వివరంగా చెప్పారు. ముట్లుడిగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేయడం దాదాపు ఆపేస్తాయి. అప్పుడు ఒంట్లోని కొవ్వే ఆ పని చేస్తుంది. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్లని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈస్ట్రోజెన్ అంత ఎక్కువ. అక్కది ఆ హార్మోన్‌తో పెరిగే రకం. అందుకే ఆపరేషన్ తర్వాత ఐదేళ్లు లెట్రోజోల్ వేసుకోమన్నారు, ఆ మాత్ర ఆపేది ఈ ఎంజైమ్‌నే. కీళ్ల నొప్పులతో చాలా బాధపడింది పాపం, అయినా మానలేదు. నెలసరి ఆగాక తను 13 కిలోలు పెరిగింది. "ఈ వయసులో మామూలేలే" అని మేమే అనేవాళ్లం.

కాబట్టి మీరు చూసుకోవాల్సింది బరువు. మన భారతీయులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క. అమెరికాలో నెలసరి ఆగిన 61 వేల మందిని గమనిస్తే, మూడేళ్లలో 5 శాతం తగ్గినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 12 శాతం తక్కువగా వచ్చింది. అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గడం. మీరు ఇలా బరువు తగ్గడానికి మీ రిపోర్టులోని జీన్ అడ్డు కాదు.

ఇంకో మాట. అక్క గడ్డ తగిలాక కూడా "మన ఇంట్లో ఎవరికీ లేదుగా" అని నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎక్కువమందికి ఇది ఇంట్లో ఎవరికీ లేకుండానే వస్తుంది. మీరు ఏ మార్పు కనిపించినా ఆ వారమే చూపించండి, మామోగ్రామ్ ఎప్పుడెప్పుడు చేయించాలో గైనకాలజిస్టుని అడగండి.

మీ అమ్మగారి వైపే కాదు, నాన్నగారి వైపు కూడా ఎవరికైనా 50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ గానీ, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందా? వచ్చి ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. వాళ్లు అడిగేది బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 (మార్పు ఉంటే ఈ రెండు క్యాన్సర్ల ముప్పునీ బాగా పెంచే జీన్లు) గురించి, ఎఫ్‌టీఓ గురించి కాదు.