డాక్టరమ్మను అడగండి: వల గుండ్ల సీసం, పాత తలుపుల రంగు, మెరిసే పసుపు

ప్రశ్న: నమస్తే డాక్టరమ్మా. మాది అల్లూరు మండలంలో సముద్రం ఒడ్డు పాలెం. మా ఇంటాయన వలలకు కట్టే సీసం గుండ్లు వసారాలోనే కరిగించి పోస్తాడు. పాత బ్యాటరీల్లో ప్లేట్లు తెచ్చి కరిగించడమూ ఉంది. బాబుకి రెండున్నరేళ్ళు. మట్టి తింటాడు, కడుపునొప్పని ఏడుస్తాడు. రక్తం తక్కువుందని సిరప్ రాశారు, తాగిస్తున్నా పెరగలేదు. సీసం వల్లేమోనని చుట్టాలాయన అన్నాడు. ఏలూరులో లాగా ఫిట్స్ వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఏలూరు సంగతి చెప్తానమ్మా. 2020 డిసెంబరులో అక్కడ వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షించిన రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత అనుమానం పురుగుమందుల మీదికి పోయింది. మీ ఇంట్లో భయం ఆ రకంది కాదు. సీసం బాగా ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు, వస్తే క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాల్సిందే. కానీ మామూలుగా అది చప్పుడు లేకుండా పని చేస్తుంది. రక్తం తగ్గడం, కడుపునొప్పి, మలబద్ధకం, చిరాకు, చదువులో వెనకబడటం, ఇవన్నీ వేరే కారణాలకూ వస్తాయి. అందుకే నులిపురుగుల మాత్ర, ఐరన్ సిరప్ రాసి పంపించేస్తారు. మీ ఇంటాయన పనేమిటని అడిగే డాక్టర్లు తక్కువ. నాకు కోపమొచ్చేది అక్కడే.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. పొగ కంటికి కనపడేది కొంచెమే. పైన తేలే బూడిదరంగు తెట్టు తీసి పక్కన పోస్తారే, అదీ, గాలికి లేచిన దుమ్మూ వసారాలో, చాపల మీద, మీ ఇంటాయన చొక్కా మీద చేరతాయి. బాబు అక్కడే పాకుతాడు, ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళ కంటే పసిపిల్లల ఒంట్లోకి సీసం నాలుగైదు రెట్లు ఎక్కువ ఇంకుతుంది. ఐరన్ తక్కువున్న బిడ్డలో ఇంకా ఎక్కువ. మట్టి తినే అలవాటు దానికి తోడు. బ్యాటరీ ప్లేట్లయితే మరీ ఘోరం. వాటిలో ఉండేది ముద్ద సీసం మాత్రమే కాదు, పొడి కూడా. ఆమ్లం సరేసరి.

బాబుకి ‘బ్లడ్ లెడ్ లెవెల్’, అంటే రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష చేయించండి. నెల్లూరులోని పెద్ద ల్యాబుల్లో అడగండి. అక్కడ చేయకపోయినా రక్తం తీసి బయటి నగరానికి పంపిస్తారు. వేలు గుచ్చి తీస్తే చర్మానికి అంటిన దుమ్ము కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి నరంలోంచే తీయమనండి. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తానికి 5 మైక్రోగ్రాములు, అంతకు మించితే సీసం ఎక్కడ నుంచి వస్తోందో వెతికి ఆపమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 45, ఆపైన ఉంటే ఆసుపత్రిలో సీసాన్ని బయటికి లాగే మందులు ఇస్తారు. ఆ మందు ఇచ్చి మళ్ళీ అదే వసారాలో పడుకోబెడితే ఏమీ లాభం లేదు. మెదడుకు జరిగిన నష్టాన్ని వెనక్కి తెచ్చే మందు లేదు.

కాబట్టి ఈరోజే పొయ్యి ఇంట్లోంచి కదలాలి. తెట్టును ఊరి దిబ్బలో పోయకండి, కోళ్ళూ పిల్లలూ కెలుకుతారు. మూతున్న డబ్బాలో వేసి ఉంచండి. వసారాను చీపురుతో ఊడవద్దు, తడిబట్టతో తుడవండి. మీ ఇంటాయన పని బట్టలు బయటే విప్పాలి, స్నానం చేశాకే బాబును ఎత్తుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి. రాగిజావ, మునగాకు, ముల్లుతో సహా నమిలే నెత్తళ్ళు, జామకాయ పెట్టండి. కడుపు నిండుగా ఉంటే, ఐరన్, కాల్షియం అందితే సీసం తక్కువ ఇంకుతుంది, అంతవరకే. ‘రక్తశుద్ధి’ అని ఎవరైనా భస్మం ఇస్తే పట్టించకండి. నాగభస్మాన్ని తయారుచేసేదే సీసంతో.

మీ ఇల్లొక్కటి మానితే పాలెం బాగుపడదు. అంగన్‌వాడీలో బరువు, ఎత్తు చూస్తారు, సీసం మాట ఎత్తరు. సచివాలయంలో ఏఎన్ఎమ్‌కి చెప్పి, గుండ్లు పోసే ఇళ్ళ పిల్లలందరినీ పరీక్షించమని పీహెచ్‌సీ డాక్టరుకు అర్జీ పెట్టండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. గుండ్లు పోయడానికి ఇళ్ళకు దూరంగా, గాలి ఊరి మీదికి రాని చోట ఒక షెడ్డు వేయించమని అడగండి. అది పంచాయతీ పని, ఇంటాయన్ని తిట్టి ప్రయోజనం లేదు. 2000లో మన దేశంలో పెట్రోలులోంచి సీసం తీసేశారు. ఆ తర్వాత నగరాల్లో పిల్లల రక్తంలో సీసం తగ్గింది. అందుకోసం ఏ తల్లీ తడిబట్ట పట్టలేదు.

ప్రశ్న: ఒంగోలులో మా అత్తగారిది పాత ఇల్లు. పండక్కి తలుపులు, కిటికీ ఊచలు గీకించి రంగులు వేయిస్తున్నారు. నాకు ఆరు నెలల పాప. దుమ్ముకి జలుబు చేస్తుందా?

జవాబు: జలుబు సంగతి వదిలేయమ్మా. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎమ్ (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో తెచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లో పెట్టారు. అంతకు ముందు పూసిన పొరల్లో ఎంతుందో చూసి చెప్పలేం. గీకి, ఉప్పు కాగితంతో రుద్దితే అదంతా పొడై ఇల్లంతా పరుచుకుంటుంది. పని అయిపోయి, తడిగుడ్డతో రెండు సార్లు తుడిచేదాకా పాపను తీసుకుని మీ పుట్టింటికి వెళ్ళండి. అత్తగారు ఏమన్నా అంటే డాక్టరు చెప్పిందని నా మీదికి తోసేయండి. పనివాళ్ళను నీళ్ళు చల్లుకుంటూ గీకమనండి, వాళ్ళకూ పిల్లలుంటారు. పొలుసుల్ని గోనెసంచిలో ఎత్తించండి, పెరట్లో ఊడ్చి పోయొద్దు. పాత రంగు గట్టిగా, పెచ్చులు లేకుండా ఉంటే గీకకుండా దానిమీదే కొత్త పూత వేయించడం మేలు. ఆ నిబంధన ఇంటి రంగులకే. ఫ్యాక్టరీ సామాన్లకు వేసే రంగు చౌకగా దొరికిందని ఊచలకు వేయిస్తే మళ్ళీ మొదటికొస్తాం.

ప్రశ్న: పసుపు పొడిలో కల్తీ అంటున్నారు. కొమ్ములు కొని మర ఆడిస్తే భయం లేదు కదా? – మార్కాపురం పాఠకురాలు

జవాబు: కొంతవరకే. బంగ్లాదేశ్‌లో లెడ్ క్రోమేట్ అనే, సీసం ఉన్న పసుపుపచ్చ రంగును పొడిలో కాదు, కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడే రుద్దేవాళ్ళు. 2019లో అక్కడి మార్కెట్ నమూనాల్లో 47 శాతం కల్తీవే. ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసి జరిమానాలు వేసి, జనానికి గట్టిగా చెప్పాక 2021లో ఒక్కటీ దొరకలేదు. మన దేశంలోనూ పాట్నాలో తీసిన నమూనాల్లో సీసం బయటపడింది. పాలిష్ లేని, మట్టిరంగు కొమ్ములే కొనండి. చేతికి రంగు అంటేంత పచ్చగా మెరుస్తుంటే షాపులోనే వదిలేయండి.