ఫ్రేములు పోగుపడితే అలర్టు ఆలస్యమే

ప్రశ్న: పలాసలో మా జీడిపిక్కల గోదాముకి 8 కెమెరాలున్నాయి. పైథాన్‌లో ఓపెన్‌సీవీ (వీడియో చదివే లైబ్రరీ), యోలో (బొమ్మలో వస్తువుల్ని గుర్తించే మోడల్)తో మనుషుల్ని గుర్తించే ప్రోగ్రాం అంతా ఒకే ఫైల్లో రాశాను. పది నిమిషాలయ్యేసరికి అలర్టు రెండు నిమిషాలు వెనకబడుతోంది, కాసేపటికి 16 జీబీ కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ఒక కెమెరా వైరు ఊడితే మిగతా ఏడూ ఆగిపోతున్నాయి. రాత్రి టార్పాలిన్ ఊగినా మెసేజే. ఎలా విడగొట్టాలి?

జవాబు: ముందు క్యూకి, అంటే యోలో చూసేదాకా ఫ్రేములు (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఆగే వరసకి, హద్దు పెట్టండి. కెమెరాకి సెకనుకి 15 చొప్పున 120 ఫ్రేములు వస్తూ, యోలో 100 మాత్రమే చూడగలిగితే సెకనుకి 20 మిగిలిపోతాయి. పది నిమిషాల్లో 12,000. 640×480 ఫ్రేము కుదింపు విప్పాక సుమారు 0.9 ఎంబీ కాబట్టి, 11 జీబీ ర్యామ్ అక్కడే పోయింది. కెమెరాకో క్యూ, అందులో ఒకటే ఫ్రేము ఉంచండి: కొత్తది రాగానే పాతది పోవాలి. రెండు నిమిషాల కిందటి బొమ్మ కాపలాకి పనికిరాదు. సబ్‌స్ట్రీమ్ (కెమెరా పంపే చిన్న సైజు వీడియో) నుంచి సెకనుకి 5 ఫ్రేములు చూసినా మనిషి తప్పిపోడు.

ఫ్రేములు చదివే పని కెమెరాకో ప్రాసెస్‌గా, అంటే విడి ప్రోగ్రాంగా నడవాలి. 10 సెకన్లు ఫ్రేము రాకపోతే దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. మళ్లీ తెగితే 2, 4, 8 సెకన్లు, అలా 60 దాకా ఆగి ప్రయత్నించాలి. టైము ముద్ర ఇక్కడే వేయండి, యోలో దగ్గర కాదు. యోలో నుంచి అలర్టు భాగానికి బొమ్మలు పంపొద్దు. కెమెరా నంబరు, టైము, వస్తువు పేరు, వస్తువు చుట్టూ యోలో గీసే పెట్టె కొలతలు, నమ్మకం విలువ (గుర్తింపు ఎంత ఖాయమో చెప్పే అంకె) చాలు. రేపు మోడల్ మార్చినా అలర్టు కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

రికార్డింగ్‌ని మాత్రం డిటెక్షన్‌కి ముడిపెట్టకండి. మెయిన్‌స్ట్రీమ్‌ని (కెమెరా పంపే పూర్తి సైజు వీడియో) ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్‌తో కాపీ పద్ధతిలో, అంటే మళ్లీ కుదించకుండా, 10 నిమిషాల ముక్కలుగా, ఎంకేవీ ఫైళ్లలో రాయించండి. మధ్యలో కరెంటు పోతే మామూలు ఎంపీ4 ముక్క చాలాసార్లు తెరుచుకోదు, దొంగ పడిన ముక్క అదే కావచ్చు.

టార్పాలిన్ సంగతి: కదలికకి అలర్టు ఇవ్వకండి. కదలిక ఉంటేనే యోలోని నడపండి. 5 ఫ్రేముల్లో కనీసం 3 సార్లు మనిషి దొరికి, పెట్టె అడుగు మధ్యబిందువు మీరు గీసిన హద్దులో ఉంటేనే పంపండి. తర్వాత 60 సెకన్లు ఆ కెమెరా నుంచి మరో మెసేజ్ వద్దు. సాలెగూడు లెన్సు ముందు ఉంటే ఐఆర్ (రాత్రి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్) వెలుగులో తెల్లగా మెరుస్తుంది. దానికి కోడ్ కన్నా చీపురే మందు.

ప్రశ్న: విజయనగరంలో మా షాపుకి 4 కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు). 2 టీబీ డిస్కు ఎన్నాళ్లొస్తుంది?

జవాబు: ఒక్కో కెమెరాకి రోజుకి 21.6 జీబీ, నాలుగింటికి 86.4. మొత్తం 23 రోజులు. పదో వంతు ఖాళీ ఉంచి, 20 రోజులు దాటినవి చెరిపేయండి.